పాట ఆగిన చోట గిటారు



ఈ పూట నేను మాట్లాడబోయేది బ్లూస్ సంగీతంలో లీడ్ గిటారు నేర్చుకోవడం గురించి. నేర్చుకునేవాడు విద్వాంసుడు కాడు. పగలంతా ఆఫీసులో పని చేసుకుని, రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా తలుపు దగ్గరికి వేసుకుని తీగలు మీటే మనిషి. మన ఊళ్లలో ఇలాంటివాళ్లు మీరనుకునే దానికన్నా ఎక్కువే ఉన్నారు. నేనూ ఆ కోవలోవాణ్నే. కాలేజీ రోజుల్లో ఎవరి గిటారు మీదో నాలుగు కార్డులు పట్టడం నేర్చుకుంటాం. పిక్నిక్కుల్లో, పుట్టినరోజుల్లో ఎవరైనా సినిమా పాట ఎత్తుకుంటే ఆ నాలుగు కార్డులతోనే జత కలుపుతూ ఏళ్లు గడిపేస్తాం. ఉన్నట్టుండి ఒకనాడు బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ వాయించిన స్వరం ఒకటి చెవిన పడుతుంది. ఒక్కటంటే ఒక్కటే స్వరం. గొంతు పూడుకుపోయిన మనిషి మాట్లాడినట్టు వణుకుతూ వస్తుంది. మర్నాటి నుంచి మన కార్డులు మనకే చప్పబడిపోతాయి. లీడ్ వాయించాలి అన్న తాపత్రయం అక్కడ మొదలవుతుంది.

గిటారుతో పరిచయం లేనివారి కోసం ఒక మాట. కార్డు అంటే ఒకేసారి మోగించే కొన్ని స్వరాల కూర్పు. పాట కింద కార్డులతో, లయతో ఆసరాగా నిలిచేది రిథమ్ గిటారు. ఒక్కొక్క తీగ మీద ఒక్కొక్క స్వరాన్ని పలికిస్తూ, పాడే గొంతులా సాగేది లీడ్ గిటారు.

లీడ్ నేర్పమని ఎవరిని అడిగినా ముందు చూపించేది ఒకటే. అయిదో ఫ్రెట్ మీద, అంటే వీణ భాషలో అయిదో మెట్టు మీద, చూపుడు వేలు పెట్టిస్తారు. అక్కణ్నుంచి తీగకి రెండు చోట్ల చొప్పున ఆరు తీగల మీదా పన్నెండు చోట్లు చూపిస్తారు. దీన్ని గిటారువాళ్లు బాక్స్ అంటారు. పన్నెండు చోట్లున్నా అందులోని స్వరాలు అయిదే. స్థాయి మారి మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కొద్ది రోజుల్లోనే వేళ్లకు ఆ దారి అలవాటైపోతుంది. అలవాటయ్యాక ఇక కింద నుంచి పైకి, పై నుంచి కిందికి పరుగులే. పక్క గదిలో ఉన్నవాళ్లకి మాత్రం ఎవరో సరళీ స్వరాలు సాధకం చేస్తున్నట్టుంటుంది తప్ప బ్లూస్ విన్నట్టుండదు. కింగ్ వాయించింది చాలావరకు ఆ స్వరాలే. మరి ఆయనకు పలికింది మనకెందుకు పలకదు?

బి.బి. కింగ్ మహానుభావుడు కనుక, అని ఊరుకోవచ్చు. కానీ నాకు తోచిన కారణం వేరు. బ్లూస్‌లో లీడ్ గిటారు పుట్టింది పాడే గొంతుకి బదులు చెప్పడానికి. ఆ పని ఏమిటో తెలుసుకోకుండా స్వరాల పటం ఒక్కటీ బట్టీపడితే వేళ్లకు వ్యాయామం దొరుకుతుంది, అంతవరకే. ఈ మాట నిలబడాలంటే మనం మిసిసిపీ దాకా వెళ్లిరావాలి.

అమెరికా దక్షిణాన మిసిసిపీ, యాజూ నదుల మధ్య చదునైన ఒండ్రు నేల ఉంది. దాన్ని మిసిసిపీ డెల్టా అంటారు. పత్తికి పెట్టింది పేరు. 1865లో బానిసత్వం రద్దయింది కానీ ఆ పత్తి చేలల్లో దిగిన నల్లజాతి కుటుంబాల బతుకులు పెద్దగా మెరుగుపడలేదు. పాలికి సేద్యం చేయడం, విత్తనాలకీ తిండిగింజలకీ దొర దుకాణంలోనే అప్పు పెట్టడం, పంట అమ్మాక లెక్క చూస్తే ఇంకా బాకీ తేలడం. ఓటు హక్కు కాగితం మీద ఉండేది. ఎదురు మాట్లాడినవాడి ప్రాణానికి పూచీ లేదు. ఆ చేలల్లో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవడం, చర్చిలో బోధకుడు ఒక మాట అంటే సభంతా బదులు పలకడం ఆఫ్రికా నుంచి తరతరాలుగా వెంట వచ్చిన అలవాటు. ఒకరి పిలుపు, మరొకరి బదులు. బ్లూస్ మొత్తం ఈ రెండింటి మీదే నిలబడింది.

1903 ప్రాంతంలో డబ్ల్యు.సి. హ్యాండీ అనే బ్యాండు నాయకుడు అదే డెల్టాలో టట్వైలర్ అనే చిన్న స్టేషన్‌లో, ఆలస్యమైన రైలు కోసం కాచుకుని కునుకు తీస్తున్నాడు. మెలకువ వచ్చేసరికి పక్కన బట్టలు చినిగిన నల్లజాతి మనిషి ఒకడు గిటారు వాయిస్తున్నాడు. తీగల మీద కత్తి ఆనించి అటూ ఇటూ జారుస్తున్నాడు. రెండు రైలు మార్గాలు ఒకదాన్నొకటి దాటే చోటికి పోతున్నానని ఒకే మాట మూడుసార్లు పాడాడు. హ్యాండీ నొటేషన్ రాయగల చదువుకున్న సంగీతకారుడు. అంత వింత సంగీతం అంతకుముందు వినలేదని 1941లో వచ్చిన తన ఆత్మకథలో రాశాడు. ఆయన 1912లో 'మెంఫిస్ బ్లూస్' అచ్చువేసి ప్రసిద్ధుడయ్యాడు. స్టేషన్‌లో పాడిన మనిషి పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

తర్వాత్తర్వాత బ్లూస్ పాటకి ఒక చట్రం స్థిరపడింది. పన్నెండు బార్లు, బారుకి నాలుగు బీట్లు, వెరసి 48 బీట్లు. అందులో మూడు పంక్తులు. మొదటి పంక్తిలో ఒక మాట అంటారు. రెండో పంక్తిలో అదే మాట మళ్లీ అంటారు. మూడో పంక్తి దానికి ముక్తాయింపు. పంక్తికి నాలుగేసి బార్లు. ఇక్కడ కొంచెం చెవి పెట్టి వినాలి: ఆ నాలుగు బార్లలో గొంతు వాడుకునేది రెండో, రెండున్నరో. మిగిలింది ఖాళీ. ఆ ఖాళీలోకి గిటారు వస్తుంది. పాడిన మాటకి ఔననో, అయ్యో అనో, చాల్లే అనో అంటుంది. గొంతు మళ్లీ ఎత్తుకునేలోగా తప్పుకుంటుంది. మన కచేరీలో గాయకుడు స్వరకల్పన చేసి ఆగగానే వయొలిన్ అందుకుంటుంది చూశారూ, ఇదీ అలాంటిదే. గాయకుడు ఇంకా పాడుతుండగానే పక్కన వయొలిన్ తన సొంత స్వరకల్పన మొదలుపెడితే ఆ కచేరీ ఏ గతి పడుతుందో ఊహించుకోండి. లీడ్ కొత్తగా చేతికొచ్చినవాడు నలుగురి మధ్య కూర్చుంటే జరిగేది అదే.

గాయకుడు ఒక చుట్టు పన్నెండు బార్లనీ పూర్తిగా గిటారుకి వదిలేస్తే దాన్ని సోలో అంటారు. అప్పుడు పిలుపూ గిటారుదే, బదులూ గిటారుదే. ఖాళీలు మాత్రం ఎక్కడికీ పోవు.

రేడియోలో మాట్లాడుతూ రేడియో సంగతి చెప్పకపోతే బాగుండదు. 1941 నవంబరులో ఆర్కన్సా రాష్ట్రంలోని హెలెనా అనే ఊళ్లో కె.ఎఫ్.ఎఫ్.ఎ. అనే స్టేషన్ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఒక గోధుమ పిండి కంపెనీ దానికి డబ్బు పెట్టింది. పిండి పేరు కింగ్ బిస్కెట్, కార్యక్రమం పేరు 'కింగ్ బిస్కెట్ టైమ్'. మధ్యాహ్నం 12:15కి, అంటే చేలల్లో కూలీలు తిండికి ఆగే వేళకి వచ్చేది. సోనీ బాయ్ విలియమ్సన్ హార్మోనికా వాయిస్తూ పాడేవాడు. పక్కన రాబర్ట్ లాక్‌వుడ్ ఎలక్ట్రిక్ గిటారు మీద బదులు పలికేవాడు. నది ఇవతల మిసిసిపీలో, ఇండియనోలా దగ్గర ట్రాక్టరు తోలే ఒక కుర్రవాడు భోజనాల వేళ ఈ కార్యక్రమం వినేవాడు. అతని పేరు రైలీ కింగ్. పుట్టింది 1925లో.

ఆ కుర్రవాడు 1940ల చివర మెంఫిస్ చేరి డబ్ల్యు.డి.ఐ.ఎ. అనే రేడియో స్టేషన్‌లో కుదురుకున్నాడు. పూర్తిగా నల్లజాతి శ్రోతల కోసమే కార్యక్రమాలు నడిపిన మొదటి అమెరికన్ స్టేషన్ అది. పెప్టికాన్ అనే టానిక్కు ప్రకటన పాట పాడటంతో అక్కడ ఆయన పని మొదలైంది. తర్వాత రికార్డులు వేసే ఉద్యోగం. బీల్ స్ట్రీట్ బ్లూస్ బాయ్ అని స్టేషన్‌లో పేరు పెట్టారు. అది తరిగి బ్లూస్ బాయ్ అయి, చివరికి బి.బి. అయింది. ఊళ్లో కూర్చుని ఉంటే పది రికార్డులైనా విని ఉండనివాడికి స్టేషన్‌లో కావలసినన్ని రికార్డులు దొరికాయి. లానీ జాన్సన్, టీ-బోన్ వాకర్, ఫ్రాన్స్‌కి చెందిన జాంగో రైన్‌హార్ట్, ఇలా ఎవరెవరి గిటారో ఆయన చెవిలో చేరింది. వీరిలో టీ-బోన్ వాకర్ సంగతి ప్రత్యేకం. 1947లో వాకర్ విడుదల చేసిన 'కాల్ ఇట్ స్టార్మీ మండే' విన్నాక తనకీ ఎలక్ట్రిక్ గిటారు కావాలనిపించిందని కింగ్ చాలాసార్లు చెప్పుకున్నాడు. మామూలు గిటారు మీద ఒంటి స్వరం రెండు క్షణాల్లో చచ్చిపోతుంది. విద్యుత్తు తోడైతే నిలుస్తుంది. నిలిచిన స్వరాన్నే కదా వణికించగలం.

బి.బి. కింగ్ అనగానే అందరూ లూసిల్ కథ చెబుతారు. నాట్యశాలలో ఇద్దరు ఒక స్త్రీ కోసం కొట్టుకుని కిరోసిన్ డబ్బా తన్నేస్తే మంటలు లేచాయనీ, ఈయన మంటల్లోకి పరిగెత్తి గిటారు తెచ్చుకున్నాడనీ, ఆ స్త్రీ పేరే గిటారుకి పెట్టుకున్నాడనీ. 1949లో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో జరిగినదే. మంచి కథే. నేర్చుకునేవాడికి దానివల్ల ఒరిగేది మాత్రం లేదు. ఆయనకి చేతకానివాటి కథ ఇంతకన్నా పనికొస్తుంది.

ఆయనకి స్లైడ్ వాయించడం రాలేదు. స్లైడ్ అంటే టట్వైలర్ స్టేషన్‌లో ఆ అనామకుడు కత్తితో చేసిన పనే. తర్వాతివాళ్లు సీసా మెడనో లోహపు గొట్టాన్నో వేలికి తొడుక్కున్నారు. కింగ్‌కి తల్లి వైపు బంధువైన బుకా వైట్ ఆ విద్యలో దిట్ట. అతనిలా వాయించాలని కింగ్ ఎంత ప్రయత్నించినా వేళ్లు సహకరించలేదు. స్లైడ్ చేసే ఆ వణుకుని వట్టి వేలితోనే తెద్దామని, స్వరం మీద వేలు ఆనించి మణికట్టుతో అటూ ఇటూ ఆడించాడు. బొటనవేలు గిటారు మెడని వదిలేసి, చెయ్యంతా ఒక్క వేలి మీద నిలిచి ఊగుతుంది. ఇవాళ ప్రపంచమంతా ఒక్క స్వరానికే గుర్తుపట్టే ఆ వైబ్రాటో అలా పుట్టింది. రెండోది, కార్డులు వాయించడం తనకి రాదని నిర్మొహమాటంగా చెప్పేవాడు. 1988లో వచ్చిన యూటూ రాక్ బృందం సినిమాలో ఆ యువకులతో అదే మాట అంటాడు, వాళ్లు నవ్వేస్తారు. మూడోది, పాడుతూ గిటారు వాయించలేడు. పాడుతున్నంతసేపూ చేతులు ఊరుకుంటాయి. పాట ఆపగానే గిటారు ఎత్తుకుంటుంది.

ఈ మూడో సంగతే నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఒకే మనిషికి రెండు గొంతులుండి, ఒకటి మాట్లాడేటప్పుడు రెండోది నోరెత్తలేని పరిస్థితి. గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో గిటారూ అక్కడ ఊపిరి తీసుకోవాల్సిందే. కనుక ఆయన గిటారు వాక్యాలు మనిషి వాక్యాల పొడవే ఉంటాయి. వేళ్లకి ఊపిరి అక్కర్లేదు. అవి గంటసేపు ఆగకుండా పరిగెత్తగలవు. లీడ్ నేర్చుకునేవాడికి అదే పెద్ద ప్రమాదం.

ఇక స్వరాల దగ్గరికి వద్దాం. రేడియోలో బొమ్మ గీసి చూపలేను కనుక మనకి తెలిసిన పేర్లతో చెబుతాను. ఇందాకటి బాక్స్‌లోని అయిదు స్వరాలూ షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. కర్ణాటక సంగీతం విన్నవారు ఈపాటికి గుర్తుపట్టే ఉంటారు, ఇవి శుద్ధ ధన్యాసి స్వరాలు. అన్నమయ్య 'భావములోన' కీర్తనని ఎక్కువగా పాడే రాగం. ఇక గిటారువాళ్లు మేజర్ పెంటటోనిక్ అనేది స్వరాల లెక్కకి మన మోహనం. స్వరాలు కలిశాయి కదా అని రెండూ ఒకటే సంగీతమని తొందరపడకూడదు. మన రాగం కింద షడ్జం కదలకుండా ఉంటుంది. బ్లూస్‌లో నేలే మూడు చోట్లకి జరుగుతుంది.

ఎలాగంటే, పాట 'ఏ' శ్రుతిలో ఉందనుకోండి. అంటే ఏ అనే స్వరమే షడ్జం. మొదటి నాలుగు బార్లూ ఏ కార్డు. అయిదు, ఆరు బార్లలో మధ్యమం మీద నిలిచే డి కార్డు. ఏడు, ఎనిమిది మళ్లీ ఏ. తొమ్మిదో బారు పంచమం మీది ఇ, పదోది డి, తర్వాత ఇంటికి. ఏ కార్డు లోపల అంతర గాంధారం ఉంటుంది. డి కార్డు వచ్చేసరికి దానికి సరిపడేది సాధారణ గాంధారం. ఉన్నది ఒక్క అర్ధస్వరం తేడా. కార్డు మారే క్షణానికి సరిగ్గా అంతర గాంధారం నుంచి సాధారణ గాంధారానికి దిగితే, అప్పటిదాకా బాక్స్‌లో పరుగులు తీసినవాడు మొదటిసారి పాటని విని వాయించినట్టు వినిపిస్తాడు. నన్నడిగితే కొత్తవాళ్లకి వెయ్యి పరుగులకన్నా ముందు ఈ ఒక్క అడుగు నేర్పాలి.

ఆ రెండు గాంధారాల మధ్య కూడా బ్లూస్‌కి ఒక చోటుంది. సాధారణ గాంధారం మీద వేలు పెట్టి తీగని రవ్వంత నెడితే స్వరం పైకి వంగుతుంది. అంతర గాంధారం దాకా చేరదు. ఏ ఫ్రెట్ మీదా లేని ఆ చోటే బ్లూస్ గాయకుల గొంతుల్లో సహజంగా పలికే గాంధారం. పియానో వాయించేవాళ్లకి అది దొరకదు కనుక రెండు గాంధారాలనీ కలిపి నొక్కి సరిపెట్టుకుంటారు. గిటారుకి తీగ ఉంది, వంగుతుంది.

ఈ తీగ వంచడాన్ని బెండ్ అంటారు. వీణ విన్నవాళ్లకి ఇది కొత్త కాదు. మెట్టు మీద తీగని పక్కకి లాగి ఒక మెట్టు మీదే రెండు మూడు స్వరాలు పలికించడం మనవాళ్లకి తరతరాల విద్య. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణలో ఆ లాగుడు ఎంత దూరం పోతుందో రికార్డులు వింటే తెలుస్తుంది. ఆయన శిష్యుడు చిట్టిబాబు గారు కోయిలనే కూయించారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, చిన్న మెడ, గట్టి తీగలు ఉన్న మాండలిన్‌ని ఎలక్ట్రిక్ వాద్యం చేసుకుని దాని మీద గమకాలు పలికించారు. ఫ్రెట్లున్న వాద్యం మీద ఫ్రెట్ల మధ్య స్వరాన్ని ఎలా తెస్తారన్న ప్రశ్న గోదావరి తీరంలోనూ పుట్టింది, మిసిసిపీ తీరంలోనూ పుట్టింది.

బెండ్ నేర్చుకునేవాడి అసలు కష్టం వేళ్లలో కన్నా చెవిలో ఉంటుంది. తీగని నెట్టగానే స్వరం కదులుతుంది, ఆ కదలికకే మురిసిపోతాం. అది ఎక్కడ చేరిందో చూసుకోం. దీనికి ఒక మందుంది. రెండో తీగ అయిదో ఫ్రెట్ మీద ఇ స్వరం ఉంటుంది. ముందు దాన్ని మీటి వినండి, వీలైతే గొంతుతో అనండి. తర్వాత మూడో తీగ ఏడో ఫ్రెట్ మీద ఉన్న డి స్వరాన్ని ఉంగరపు వేలితో నొక్కి, వెనక రెండు వేళ్లు ఆసరా పెట్టి, మణికట్టు తిప్పుతూ ఆ ఇ దాకా నెట్టండి. ఒక్క వేలితో నెట్టితే నొప్పే మిగులుతుంది. అందిందో లేదో రెండో తీగ మళ్లీ మీటి చూడండి. కొంచెం తగ్గినా, కొంచెం మించినా అపశ్రుతే. బెండ్ చేసినవాళ్లలో చాలామంది ఆ కొంచెం తగ్గిన చోటే కాపురం పెడతారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. చాలామంది మొదలుపెట్టేది మామూలు చెక్క గిటారు మీద. దాని తీగలు లావు. మూడో తీగకి పైన సన్న తీగ చుట్టి ఉంటుంది. దాన్ని ఒక స్వరం పైకి వంచడమంటే కుస్తీ. ఎలక్ట్రిక్ గిటారుకి మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిదో పదో వంతులు, చెక్క గిటారుకి సాధారణంగా పన్నెండు. మూడో తీగ కూడా ఎలక్ట్రిక్ గిటారుకి చుట్టు లేకుండా ఉంటుంది. లీడ్ నేర్చుకోవాలన్న కోరిక గట్టిదైతే చవకదైనా సరే ఎలక్ట్రిక్ గిటారు ఒకటి, చిన్న యాంప్ ఒకటి చూసుకోవడం మేలు. అంతకు మించి సరంజామా గురించి నేను మాట్లాడను. పెడళ్లు కొనేవాళ్లు కొంటూనే ఉంటారు, వాయించేది తగ్గిపోతూ ఉంటుంది.

బెండ్‌లో బి.బి. కింగ్ చేసే ఒక పని వినదగ్గది. బాక్స్ వదిలేసి రెండో తీగ మీద పదో ఫ్రెట్ దగ్గర, అంటే పై షడ్జం దగ్గర, చూపుడు వేలితో నిలుస్తాడు. అక్కణ్నుంచి రెండు ఫ్రెట్లు పైన రిషభం. ఆ రిషభాన్ని సగం నెట్టితే సాధారణ గాంధారం, పూర్తిగా నెట్టితే అంతర గాంధారం. పక్క తీగ మీద ధైవతం అందుబాటులో ఉంటుంది. గుప్పెడంత చోటు. శుద్ధ ధన్యాసి, మోహనం రెండూ ఆ చోట్లోనే కలగలిసిపోతాయి. ఇంకో బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్ పద్ధతి వేరు. ఆయన ఎడమచేతివాటం మనిషి. కుడిచేతి గిటారుని తీగలు మార్చకుండానే తిరగేసి పట్టుకున్నాడు. సన్న తీగలు పైకి వచ్చాయి కనుక అందరూ పైకి నెట్టే తీగని ఆయన కిందికి లాగాడు. ఆ లాగుడు బలం వేరు. స్టీవీ రే వాన్‌లాంటి తర్వాతి గిటారిస్టులు దాన్ని అనుకరించడానికి ఎన్నో పాట్లు పడ్డారు.

రాబర్ట్ జాన్సన్ పేరు ఎత్తకుండా ముగిస్తే ఉత్తరాలు వస్తాయి. నాలుగు రోడ్ల కూడలిలో అర్ధరాత్రి దయ్యానికి ఆత్మని అమ్ముకుని గిటారు విద్య సంపాదించాడన్న కథ ఈయనదే. నిజానికి ఆ కథని అంతకుముందు టామీ జాన్సన్ అనే ఇంకో గిటారిస్టు గురించి చెప్పేవారు. రాబర్ట్ సంగతి, అతనికన్నా పెద్దవాడైన గిటారిస్టు సన్ హౌస్ చెప్పినట్టు వింటే ఇలా ఉంటుంది: మేం విరామంలో గిటార్లు కింద పెడితే ఆ కుర్రాడు ఎత్తుకుని వాయించేవాడు, జనం ఆపమని గోల చేసేవాళ్లు. కొంతకాలం కనిపించకుండా పోయి తిరిగి వచ్చినప్పుడు వాయిస్తే మేం నోరు తెరిచాం. మధ్యకాలంలో అతను చేసింది మిసిసిపీ దక్షిణాన ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారిస్టు దగ్గర నేర్చుకోవడం. రాత్రుళ్లు ప్రశాంతంగా ఉంటుందని ఇద్దరూ శ్మశానంలో సమాధుల మీద కూర్చుని సాధన చేసేవారట. దయ్యాల పుకారుకి అంతకన్నా ఏం కావాలి! ఆ విద్య ఫలితం 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డల్లాస్‌లో రికార్డయిన 29 పాటలు. 1938లో 27 ఏళ్లకే పోయాడు. కింగ్ బిస్కెట్ కార్యక్రమంలో గిటారు వాయించాడని చెప్పిన లాక్‌వుడ్ ఈయన దగ్గర నేర్చుకున్నవాడే. మొదట్లో జనం గోల చేసి ఆపించిన గిటారు, ఒక మనిషి దూరంలో, ట్రాక్టరు తోలే కింగ్ చెవికి చేరింది.

సాధన ఎలా చేయాలని అడుగుతారు. నేను పాటించేది చెబుతాను, నచ్చితే తీసుకోండి. నిమిషానికి 60 బీట్ల నడకలో ఒక చుట్టు 48 సెకన్లు పడుతుంది. ఫోనులోనో కంప్యూటరులోనో డ్రమ్సు, బేసు వినిపించే ట్రాక్ పెట్టుకోండి. మొదటి రెండు బార్లు గిటారు ముట్టుకోకండి, నోటితో ఏదో ఒక మాట పాడండి. తెలుగులోనే పాడండి, వినేవాళ్లు ఎవరూ లేరు. కరెంటు పోయిందనో, జీతం ఆలస్యమైందనో. తర్వాతి రెండు బార్లలో ఆ మాటకి గిటారుతో బదులు చెప్పి ఆగండి. మూడు స్వరాలు చాలు. రెండో పంక్తికి అదే మాట, బదులు కొంచెం మార్చండి. మూడో పంక్తికి ముగింపు. తర్వాత రికార్డు చేసుకుని వినండి. వినడం వాయించడం కన్నా కష్టం. స్వరాల మధ్య ఉండాల్సిన ఖాళీలన్నిట్లోనూ మన కంగారు వినిపిస్తుంది.

రెండో పని, ఎవరిదైనా ఒక సోలోని చెవితో విని పట్టుకోవడం. ఒక తరం కిందటివాళ్లు 33 వేగంతో తిరగాల్సిన రికార్డుని 16 వేగంలో పెట్టి, సగం నడకలో, ఒక స్థాయి కిందికి దిగిన స్వరాలు విని నేర్చుకున్నారు. ఇప్పుడు శ్రుతి మారకుండానే నడక తగ్గించే సాధనాలు ఫోనులోనే ఉన్నాయి. ఏ స్వరానికి ఏ ఫ్రెట్ నొక్కాలో రాసిన కాగితాలు కూడా దొరుకుతాయి. వాటితో వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది కానీ స్వరం ఎప్పుడు ఆగిందో, ఎంత వణికిందో కాగితం మీదికి ఎక్కదు. కనుక చెవినే నమ్ముకోమంటాను. ఏది విందామంటే, 1964 నవంబరులో షికాగో నగరంలోని రీగల్ థియేటర్‌లో రికార్డు చేసిన బి.బి. కింగ్ ఆల్బమ్ 'లైవ్ ఎట్ ది రీగల్'. మొదటిసారి గొంతు వినండి. రెండోసారి గిటారు ఒక్కటే వినండి. మూడోసారి సభని వినండి. ఆడవాళ్ల కేకలతో సహా అందరూ ఆ ఖాళీల్లోనే బదులు పలుకుతుంటారు. ప్రతి ఖాళీ గిటారుదే కానక్కర్లేదని అక్కడ అర్థమవుతుంది.

వీలైతే నలుగురితో కూర్చోండి. పెద్ద ఊళ్లలో ఇలా కూర్చునేవాళ్లు ఉన్నారు. లేకపోతే ఒక స్నేహితుడికి మూడు కార్డులు నేర్పి కూర్చోబెట్టుకోండి. అయిదుగురు కూర్చుని తలా రెండు చుట్లు సోలో పంచుకుంటే మీకొచ్చేవి రెండు. తక్కిన ఎనిమిది చుట్లూ మీరు వాయించేది రిథమే. మూడు స్వరాల కార్డులు, తక్కువ చప్పుడుతో, పక్కవాడి బెండ్ వినిపించేలా. లీడ్ నేర్చుకోవడానికి వచ్చి ఇదేమిటని కొందరు విసుక్కుంటారు. ఇంకొకరి సోలోకి రిథమ్ వాయిస్తుంటే మాత్రం పన్నెండు బార్లూ ఒంట్లో ఇంకిపోతాయి, అయిదో బారు వస్తోందని లెక్క పెట్టుకోనక్కర్లేకుండా తెలిసిపోతుంది.

మీ రెండో చుట్టు పదకొండో బారులోకి వచ్చినప్పుడు ఫ్రెట్ల మీద నుంచి చూపు ఎత్తి, తర్వాత వాయించాల్సినవాడి మొహంలోకి చూడండి. తల ఊపితే చాలు, అతను పన్నెండో బారు నుంచే సిద్ధమవుతాడు. చాలామంది కొత్తవాళ్లు తల దించుకుని అలాగే పదమూడో బారులోకి వెళ్లిపోతారు. అది పక్కవాడి మొదటి బారు.